పై పెంకు, కింది పెంకు

మా అన్నయ్య ఇంటికప్పు మీద ఉన్నప్పుడు అతనితో వాదన పెట్టుకోకూడదని నాకూ తెలుసు. కానీ కింద నిచ్చెన పట్టుకుని ఊరికే నిలబడమంటే నా వల్ల కాదు. నాకు నోరు ఊరుకోదు, అతనికి చెయ్యి ఊరుకోదు. చిన్నప్పటినుంచీ అంతే.

ఆ ఆదివారం వంటింటి మీద పెంకులు సర్దడానికి ఎక్కాడు. వాన పడ్డప్పుడల్లా పొయ్యి పక్కన కారుతోందని వదిన గోల పెట్టగా పెట్టగా, ఆ రోజుకి కదిలాడు మహానుభావుడు.

"ఆ పెంకు అంచు కింది పెంకు మీదికి ఇంకాస్త ఎక్కాలన్నయ్యా!"

"పెంకులు వెయ్యడం కూడా నువ్వే చెప్పాలా నాకు?"

"పెంకుల గురించి కాదు, మన కొండ గురించి చెప్తున్నా. అదీ ఇలాగే ఉంది. ఒక పెంకు అంచు ఇంకో పెంకు మీదికెక్కి కూర్చుంది. అక్కడ మేకు దింపావనుకో, రెండు పెంకులూ తగుల్తాయి. నువ్వు పై పెంకు సగంలోనే మేకు పీకేసి ఇంటికి పోదామంటున్నావు."

"ఇదిగో గవ్వలమ్మా, నువ్వు నిచ్చెన పట్టుకో చాలు. కొండ సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నాడు. ఆ రాత్రే వాన పడింది. పొయ్యి పక్కన కారడం మానేసి సరిగ్గా పొయ్యి మీద కారింది.

మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. అన్నయ్య డ్రిల్లింగ్ ఇంజనీరు, చమురు కోసం బావులు తవ్విస్తాడు. ఆ బావిలోంచి పైకి వచ్చిన రాతి తుక్కును కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టి, అది ఏ కాలం నాటి రాయో చెప్పడం నా పని. రాయి తన వయసు తాను చెప్పదు. దాంట్లో చిక్కుకుపోయిన గవ్వలు చెబుతాయి. గవ్వలంటే ఏరుకుని దండ గుచ్చుకునేవి కావు, ఇసుక రేణువంతవి. వాటి వల్లే అన్నయ్య నోట్లో నేను గవ్వలమ్మనయ్యాను. ఇద్దరికీ ఒకే సంస్థలో, ఒకే కొండ కింద పని పడింది. వేరే ఇల్లెందుకని అన్నయ్య అద్దెకున్న ఇంట్లోనే ఓ గదిలో సర్దుకున్నాను. మా ఇద్దరినీ భరించే బాధ్యత వదిన మీద పడింది. ఆవిడ కిటికీ తెరలూ దిండు గలీబులూ కుట్టి కొట్లకు ఇస్తుంది. మేం కీచులాడుకోవడం మొదలుపెడితే కుట్టుమిషన్ జోరు పెంచుతుంది.

ఇక కొండ సంగతి. మామూలు చోట నేల పొరలు మడతపెట్టి పేర్చిన దుప్పట్లలా ఉంటాయి. కొత్తవి పైన, పాతవి కింద. అన్నిటికీ అడుగున గ్రానైటు. బావి తవ్వే యంత్రం, అదే రిగ్, దాని మీద పనిచేసేవాళ్ళందరూ ఆ గ్రానైటును ‘అడుగు రాయి’ అంటారు. అది తగిలిందంటే ఆట ముగిసినట్టే, దాని కింద చమురూ ఉండదు, గ్యాసూ ఉండదు. కానీ కొండలు లేచే చోట నేల అంత బుద్ధిగా పడుకోదు. పక్కనుంచి తోపుడు వచ్చి, పెద్ద ముక్క ఒకటి విరిగి, తన అడుగు రాయితో సహా జరిగి వెళ్ళి పక్కదాని మీదికి ఎక్కుతుంది. అప్పుడు పాత రాయి కింద మళ్ళీ కొత్త రాయి మొదలవుతుంది. ఆ కొత్త రాయి అంత బరువు కింద మగ్గి, గ్యాసు పుట్టించి, ఎటూ పోనివ్వకుండా దాచుకుని ఉండొచ్చు. ఈ ‘ఉండొచ్చు’ అనే ఒక్క మాట పట్టుకుని నేను ఏళ్ళ తరబడి కనబడ్డ ప్రతి అధికారి బుర్రా తినేసి ఈ బావి మొదలుపెట్టించాను.

మొదట అంతా సవ్యంగానే సాగింది. పైన షేల్ అనే మెత్తటి నల్లరాయి, దాని నిండా నా గవ్వలు. దాని కింద సున్నపురాయి. ఆ తర్వాత గ్రానైటు తగిలింది. తగిలి అలాగే ఉండిపోయింది. గ్రానైటు ఒక పట్టాన తెగే రాయి కాదు. తవ్వే గొట్టం కొసన బిగించే ఉక్కు పళ్ళ బిట్లను ఒకదాని తర్వాత ఒకటి నమిలి పారేసింది. పైగా ఆ రాయి ఏటవాలుగా ఉండటంతో బావి ఒక పక్కకు వంకర పోయేది. దాన్ని దారిలో పెట్టడానికి అన్నయ్య నానా తంటాలూ పడేవాడు. విసిగిపోయి, "ఇది అడుగు రాయే, ఇంక మూసేద్దాం" అని పైవాళ్ళకు చెప్పేశాడు. నా సొంత అన్నయ్య! ఆ వారమంతా నేను అతనికి టీ కూడా అందించలేదు.

పైవాళ్ళంటే ముందు మా ప్రాజెక్టు అధిపతి. మనిషి మంచివాడే, గట్టిగా మాట్లాడడు, ఎవరినీ నొప్పించడు. కాకపోతే సర్వీసులో ఆయన సిమెంటు పోసి మూసిన బావులే ఎక్కువ, అందుకని వెనకాల అందరం బిరడా గారనే అంటాం. మంగళవారం ఉదయం సమావేశం పెట్టారు. ఆ సమావేశంలో సంతకమైతే బావిలో సిమెంటు పోసేస్తారు. సిమెంటు బస్తాలు అప్పటికే లారీలో వచ్చి రిగ్ పక్కన కూర్చున్నాయి. ఒకసారి ఎండిపోయిన బావి అని పేరు పడితే ఆ కొండ వైపు ఇంకెవరూ కన్నెత్తి చూడరు. నేనింకే కొండ పేరెత్తినా వినేవాళ్ళుండరు. నిజం చెప్పాలంటే ఆ బస్తాలు కంటబడకుండా చుట్టు తిరిగి నడిచేదాన్ని.

సోమవారం ఉదయం రిగ్ నుంచి వచ్చిన తుక్కు సంచీ ఎప్పటిలాగే నేనే కడిగాను. మా లాబ్ అంటే రేకుల గది. ఒక సింకు, ఒక పొయ్యి, జల్లెడలు, కిటికీ పక్కన మైక్రోస్కోప్. జల్లెడలో ఎప్పుడూ ఉండే గులాబీ రంగు గ్రానైటు పలుకులే ఉన్నాయి. వాటి మధ్య మిరియం గింజల్లా కాసిని నల్ల ముక్కలు. వాటిని ఏరి, నానబెట్టి, మళ్ళీ కడిగి, అద్దం కింద పెట్టాను. చుట్టలు చుట్టుకున్న గవ్వ ఒకటి నున్నగా మెరుస్తూ నాకేసి చూసింది. పైన నల్లరాయిలో దొరికిన గవ్వే! అడుగు రాయి కంటే వయసులో ఎంతో చిన్నది. అది అడుగు రాయి కింద ఉందంటే, పై పెంకు దాటేశాం. ఎవరూ చూడటం లేదు కదా అని గదిలో ఒక చుట్టు గెంతాను. జల్లెడ ఒకటి కిందపడి సొట్టపోయింది.

వెంటనే అన్నయ్యకు ఫోన్ చేశాను.

"గవ్వ దొరికింది! నల్లరాయి మళ్ళీ వచ్చింది!"

అటువైపు ఇంజన్ల హోరు. "పైనుంచి రాలి ఉంటుందిలే," అని పెట్టేశాడు.

మా వృత్తిలో ఇదొక జాడ్యం. బావి లోపల రాతిగోడలు అప్పుడప్పుడూ పెళ్ళలు రాలుస్తాయి, బావిలో తిప్పే బురద వాటినీ తుక్కుతో కలిపి పైకి తెస్తుంది. అది నిజమే. కానీ అలవాటై అలవాటై, నచ్చని రాయి ఏది కనిపించినా ‘పైనుంచి రాలింది’ అనేస్తారు. ఆ మాట అన్నాక ఇంక ఆలోచించే పని లేదు. బిరడా గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళద్దాలు తీసి, మైక్రోస్కోప్‌లో శ్రద్ధగా చూశారు.

"బావుందమ్మా. ఇది పైన మనం చూసిన గవ్వే కదా?"

"అదే సార్."

"మరి పైనున్నదే పైనుంచి రాలింది. గోడదో, బురద తొట్టెలో అడుగున మిగిలిన పాత తుక్కో. నీ బాధ నాకు అర్థమవుతుంది." అని భుజం తట్టారు. ఆ ఓదార్పుకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిడితే తిరిగి తిట్టొచ్చు, భుజం తడితే ఏం చేస్తాం?

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే వదిన పొయ్యి మీద గొడుగు కట్టి వంట చేస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలీక గుమ్మంలో నిలబడిపోయాను.

"ఏంటమ్మాయ్ ఆ ముఖం? ఎవరేమన్నారు?"

చెప్పాను. గవ్వ సంగతి, బిరడా గారి సంగతి, అన్నయ్య ఫోన్ పెట్టేసిన సంగతి. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాను. వదిన గరిటె పక్కన పెట్టింది.

"మీ అన్నయ్య రాలిందన్నారా? ఆయన బావిలోనా?"

"ఊఁ."

"అదేంటి! ఆ గొట్టాలేవో దింపిన రోజు ఇంటికొచ్చి అన్నం తిననివ్వలేదు నన్ను. ‘ఉక్కు గొట్టం దింపి, చుట్టూ సిమెంటు బిగించి, లోపల నీళ్ళతో నొక్కి చూశాం, మీటరు ముల్లు కదల్లేదు, నా కేసింగ్‌లో చీమ దూరదు’ అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. మర్నాడు పాలబ్బాయికి కూడా చెప్పారు. అంత లోతు బావిలో చీమ దూరదట, నా వంటింట్లో మాత్రం చెంబెడు నీళ్ళు దూరతాయి!"

నేను తింటున్న ముద్ద అలాగే ఆగిపోయింది.

కేసింగ్! పైనున్న నల్లరాయి మెత్తనిది, కూలిపోతుందనే కదా దాని మందం మొత్తానికీ ఉక్కు గొట్టం దింపి మూసేశాం. ఆ గొట్టం కింద తెరిచి ఉన్నది సున్నపురాయీ గ్రానైటూ మాత్రమే. గోడ రాలినా అవే రాలాలి. నల్లరాయి ఉక్కులోంచి ఎలా రాలుతుంది? ఇంత తేలిక లెక్క నాకు ఉదయమే తట్టలేదు. బిరడా గారికీ తట్టలేదు, దింపినవాడికైతే అసలే తట్టలేదు. ‘రాలింది’ అనే మాట అంత హాయైనది మరి.

"వదినా, నువ్వు దేవతవి!"

"ఆ సంగతి మీ అన్నయ్యకు చెప్పు, పెంకులు మార్పిస్తారేమో."

సాయంత్రం అన్నయ్య వచ్చాక నేను నోరు మెదపలేదు. అతనికి అనుమానమొచ్చి, "ఏంటే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. "బాగానే ఉంది, రేపు సమావేశంలో మాట్లాడతా," అన్నాను. వదిన మిషన్ మీద తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది.

మంగళవారం సమావేశం గదిలో బల్లకు ఒక పక్క బిరడా గారు, ఎదురుగా అన్నయ్య, చివర్న నేను. గోడ మీద కొండ పటం. బిరడా గారు చెప్పాల్సినవన్నీ మెల్లగా చెప్పి, "అమ్మాయి గవ్వ చూపించింది గానీ అది పైనుంచి రాలినదే. ఎవరికైనా ఇంకేమైనా చెప్పాలనుందా?" అంటూ కలం మూత తీశారు.

"సార్, ఒక్క సందేహం," అన్నాను. "పైన నల్లరాయికి మనం కేసింగ్ దింపేశాం కదా. మరి ఎక్కణ్ణుంచి రాలింది?"

కలం గాల్లో ఆగింది. ఆయన కాసేపు ఆలోచించారు. ఆలోచించి, అనకూడని మాట అన్నారు.

"కేసింగ్ ఎక్కడో చిట్లి ఉంటుంది. ఆ సందులోంచి వస్తోందేమో."

అన్నయ్య కుర్చీ కిర్రుమంది.

"ఎక్కడ చిట్లిందండీ?"

"ఎక్కడో అక్కడ. పెద్ద బావి కదా, సహజమే..."

"సహజమా? నా కేసింగా?" మా అన్నయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు ముక్కు దాటి చెవుల దాకా పాకింది. "ఒక్కో జాయింటూ నేను నిలబడి బిగించాను సార్! సిమెంటు పైదాకా వచ్చింది, నా కళ్ళతో చూశాను. నొక్కి పెట్టి పరీక్ష చేస్తే మీటరు ముల్లు కదల్లేదు. మీరూ పక్కనే ఉన్నారు. దాంట్లో చీమ దూరదు!"

"సరేనయ్యా. అయితే బురద తొట్టెలో పాత తుక్కు మిగిలి ఉంటుంది."

"తొట్టెలు కడిగించింది ఎవరు? నేను! కేసింగ్ అయ్యాక పాత బురద మొత్తం పారబోయించి కొత్తది కలిపించాను. తొట్టెలో దిగి చూడండి, భోజనం చెయ్యొచ్చు!"

"మరి ఈ నల్లరాయి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు?"

"కిందనుంచే వచ్చి ఉండాలి, ఇంకెక్కణ్ణుంచి..."

అని, ఆగాడు.

అన్నయ్య మెల్లగా నావైపు తిరిగాడు. నేను పటంలో కొండను ఎన్నడూ చూడనట్టు తదేకంగా చూస్తున్నాను. అతని గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. కేసింగ్ కారుతోందని ఒప్పుకుంటే బావి మూతపడుతుంది, అతను కోరుకున్నట్టే ఇంటికి పోవచ్చు. కారడం లేదంటే చెల్లెలి మాట నెగ్గుతుంది. రెండిట్లో ఏది మింగుతాడో నాకు నిజంగా తెలీదు.

అన్నయ్య నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మా అన్నయ్య మొండివాడే, కానీ అబద్ధాలకోరు కాదు.

"సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకో మాట కూడా ఉంది. ఆదివారం సాయంత్రం నుంచి బిట్ కాస్త తేలిగ్గా దిగుతోందని రిగ్ మీదివాళ్ళు చెప్పారు. గ్రానైటులో పగులేమోలే అని నేను పట్టించుకోలేదు. పగులు కాదేమో. మెత్తటి రాయేమో. ఇంకొక్క బిట్ ఇప్పించండి. అది అరిగేదాకా తవ్వుతాను. అప్పటికీ ఏమీ లేకపోతే ఆ బస్తాలు నేనే మోసుకొచ్చి పోస్తాను."

బిరడా గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చూసి కలానికి మూత పెట్టేశారు. ఆయన మూసిన వాటన్నిట్లోకీ నాకు నచ్చినది అదొక్కటే.

"ఒక్క బిట్," అన్నారు.

బయటికొచ్చాక అన్నయ్య నాకంటే ముందు నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, "ముందే ఇంట్లో చెప్పొచ్చుగా?" అన్నాడు.

"చెప్తే రాలిందిలే అనేవాడివి."

అన్నయ్య గబగబా మెట్లు దిగాడు. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

ఆ తర్వాతి రోజులు అన్నయ్య ఇంటికి సరిగ్గా రాలేదు. ఆ ఒక్క బిట్‌నూ చంటిపిల్లలా చూసుకున్నాడు. తొందరపడి నొక్కితే పళ్ళు రాలిపోతాయని దగ్గరుండి దింపించాడు. నాకు వచ్చే సంచీల్లో గులాబీ పలుకులు తగ్గుతూ నల్ల ముక్కలు పెరుగుతూ వచ్చాయి. కొన్నాళ్ళకు జల్లెడ నిండా నలుపే. ప్రతి ముక్కలోనూ గవ్వలు. బిరడా గారు రోజూ లాబ్‌కి వచ్చి, ఏదో పనున్నట్టు నటించి, మైక్రోస్కోప్‌లో తొంగి చూసి వెళ్ళేవారు. ఒక రోజు నల్ల ముక్కల మధ్య తెల్లని ఇసుకరాయి కనబడింది. గ్యాసు నిలవుండాలంటే అలాంటి రాయే కావాలి.

మర్నాడు పొద్దున్నే రిగ్‌కి రమ్మని కబురు. వదిన కుట్టే తెర పక్కన పడేసి, నేనూ వస్తానని జీపెక్కింది. మేం వెళ్ళేసరికి పని ఆపి, అందరినీ దూరంగా నిలబెట్టారు. బావిలో ఇసుకరాయి దగ్గర పరీక్ష చేస్తున్నారు. అందులో ఉన్నదాన్ని పొడుగాటి గొట్టంలోంచి పక్కనున్న గొయ్యి దగ్గరికి వదులుతారు. అక్కడ కాగడా వెలిగించి ఉంచుతారు, గ్యాసైతే అంటుకుంటుంది. అన్నయ్య మా వెనకే ఉన్న కేబిన్ కిటికీ దగ్గర, చేతిలో వైర్‌లెస్‌తో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడలేదు.

ముందు గొట్టం దగ్గింది. కాసిని నీళ్ళు కక్కింది. ఇంకాస్త దగ్గింది. నా పక్కన వదిన నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. అంతలో బుస్సుమని పెద్ద శబ్దంతో మంట లేచింది. పట్టపగలు, ఎండలో కూడా కళ్ళు చెదిరే మంట. రిగ్ మీదివాళ్ళు టోపీలు గాల్లోకి ఎగరేశారు. బిరడా గారు సిమెంటు బస్తాల మీద కూలబడి, కళ్ళద్దాలు తుడిచినవే తుడుస్తున్నారు.

వైర్‌లెస్‌లో పెద్దాఫీసు నుంచి ఎవరో అడుగుతున్నారు. అడుగు రాయి అన్నారు కదా, ఇదెక్కడి గ్యాసు, ఏం జరుగుతోందక్కడ అని.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"అది అడుగు రాయి కాదండీ. పై పెంకు. దాన్ని దాటేశాం. ఇప్పుడు కింది పెంకులో ఉన్నాం. ఒక పెంకు అంచు ఇంకోదాని మీదికెక్కి కూర్చుంది, అంతే. ఆఁ, పెంకు. ఇంటి పెంకే. మా చెల్లెలు ముందే చెప్పింది, వినిపించుకోనిది నేను."

నేను అక్కడే నిలబడి భోరున ఏడ్చేశాను. గ్యాసు వచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇన్నేళ్ళలో అన్నయ్య నా మాట ఒకటి తన నోటితో అనడం అదే మొదలు. ఎందుకేడుస్తున్నానని వదిన అడగలేదు. కొంగుతో నా ముఖం తుడిచి, తన ముఖమూ తుడుచుకుని, "మంట పొగ కళ్ళలో పడింది, ఇద్దరికీ," అంది.

ఆ ఆదివారం అన్నయ్య మళ్ళీ వంటింటి మీదికెక్కాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. గొప్ప నిగ్రహంతో నోరు మూసుకుని ఉన్నాను. పైన పెంకుల చప్పుడు కాసేపు వినబడింది, తర్వాత ఆగింది. చూరు మీదినుంచి అన్నయ్య తల కిందికి వంగింది.

"ఏమే."

"ఏంటన్నయ్యా?"

"పై పెంకు కింది పెంకు మీదికి ఎంతవరకు ఎక్కించమంటావు?"